తాండూరులో సముద్రపు పువ్వు

నా బిడ్డకు క్షయ అంటుకుంటుందేమోనని నాకు భయం. నాకున్న భయాలన్నిటిలో పెద్దది అదే. ఇప్పుడు శాంతకు ఏడేళ్లు. జొన్నరొట్టె రెండు తిని బడికి ఉరుకుతుంది. అయినా అది ఒక్కసారి దగ్గితే చాలు, చేతిలో ఉన్న పని అక్కడే పడేసి దాని ముఖం చూస్తాను. ఈ భయం పంతొమ్మిది వందల అరవై రెండు ఎండకాలంలో, శాంతకు మూడేళ్లప్పుడు, మా ఇంట్లో ఏం పని చేసిందో రాద్దామని కూర్చున్నాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మా మరిది చంద్రశేఖర్ బొంబాయిలో కాలేజీ చదువుతూ, పరీక్షలు రాయకుండానే దీపావళికి తాండూరు వచ్చేశాడు. వస్తూ ఒక గాజు జాడీ ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. అందులో బొటనవేలంత చేపలు రెండు, బెల్లం రంగులో ముడుచుకున్న ముద్ద ఒకటి ఉన్నాయి. అతను అద్దెకున్న ఇంటి పార్సీ ముసలాయన ఏళ్ల తరబడి పెంచుకున్నాడట. చూపు మందగించి ఇక చేసుకోలేక ఇతనికి ఇచ్చేశాడట. చంద్రం వాటికోసం ముందరి గదిలో తూర్పు కిటికీ కింద తొట్టి కట్టించాడు. మూడు వైపులా మా తాండూరు బండలే, నాలుగో వైపు అద్దం. మా దుకాణం నుంచి కందులు బొంబాయి పోతాయి కదా, అక్కడి దళారీ చేత సముద్రపు నీళ్లు పీపాల్లో నింపించి గూడ్సు బండిలో తెప్పించాడు. స్టేషనులో ఆ పీపాలు దించుకున్న హమాలీలు నీళ్లు నాకి చూసి వారం రోజులు నవ్వుకున్నారు.

తొట్టిలో వేసిన మూడో రోజున ఆ ముద్ద విచ్చుకుంది. పువ్వు అన్నాం గానీ అది పువ్వు కాదు, ప్రాణి. పళ్లెమంత వెడల్పు, చుట్టూ వందల వేళ్లు, నడుమ నోరు. వేరే చేపేదైనా దగ్గరికి పోతే ఆ వేళ్లతో కాటేసి తినేస్తుందట. ఈ రెండింటినీ మాత్రం ఏమీ అనదు. అవి దానిలో దొర్లుతాయి, దానిలోనే నిద్రపోతాయి. నారింజపండు రంగు ఒళ్లు, అడ్డంగా మూడు తెల్ల గీతలు. మా అత్త కౌసల్యమ్మ వాటిని చూసి, విభూతి పెట్టుకుని నీసు తినే దొంగభక్తులు వీళ్లేనని పేరు పెట్టింది. చంద్రం పడీపడీ నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. అప్పుడు మేమెవ్వరమూ దాన్ని పట్టించుకోలేదు.

హోళీ ఇంకా వారం ఉందనగా చంద్రానికి దగ్గులో నెత్తురు పడింది. మా ఆయన విశ్వేశ్వర్ అతన్ని వికారాబాద్‌కు తీసుకుపోయి అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖానలో చూపించుకొచ్చాడు. మంచం దొరికింది, నాలుగైదు నెలలు అక్కడే ఉండాలన్నారు. పోయే రోజు పొద్దున చంద్రం నన్ను తొట్టి దగ్గరికి పిలిచాడు. ఇంట్లో తెలుగు రాసి చదివేది నేనొక్కదాన్నే. మా ఆయనది ఉర్దూ చదువు, అత్తకు అక్షరం రాదు. అందుకని ఒక నోటుబుక్కు నిండా రాసి నా చేతిలో పెట్టాడు. ఎంత ఎండ తగలాలి, అద్దం మీద గీసిన గీత కన్నా నీళ్లు తగ్గితే మంచినీళ్లే ఎందుకు పోయాలి, ఉప్పునీళ్లు ఎందుకు పోయకూడదు, లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి నింపి సన్న గొట్టంతో నీళ్లలోకి ఎట్లా వదలాలి, అన్నీ బడిపంతులులా రాశాడు.

తర్వాత అడుగున పేరుకున్న మురికి తీయడం చూపించాడు. రబ్బరు గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. నీళ్లు పడగానే ఒక పుక్కెడు వాకిట్లో ఉమ్మేసి గొట్టాన్ని బకెట్లో వదిలాడు.

"ఉప్పునీళ్లు జర నోట్లెకు వస్తయి వదినా. ఉమ్మెయ్యి, ఏం గాదు" అన్నాడు.

నేను ఆ గొట్టం కొసనే చూస్తున్నాను. అతను నోట్లోంచి తీసిన చోట తడిగా మెరుస్తోంది.

జట్కా ఎక్కేముందు శాంతను ఎత్తుకోబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. దాని నెత్తి మీద కూడా చెయ్యి పెట్టలేదు.

*

నోటుబుక్కులో ఉన్నట్టే అన్నీ చేశాను. వాటికి రోజూ పచ్చి రొయ్య ముక్కలు వెయ్యాలి. మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటదు. కాగ్నా ఏటి మడుగుల్లో పట్టిన సన్న రొయ్యలు చేపలమ్మే బుగ్గమ్మ ఆకులో కట్టి పెరటి గోడ మీద పెట్టి పోయేది. చేపలకు చేపలు కొనిపెట్టే షావుకార్లను ఇక్కడే చూశానని గోడ అవతలి నుంచే ఎకసెక్కమాడేది. నేను పశువుల కొట్టం వెనక వేరే బండ పెట్టుకుని వాటిని సన్నగా తరిగి, స్నానం చేసి గానీ వంటింట్లోకి వచ్చేదాన్ని కాదు. అత్త అది చూసి, కొడుకు కోసం కనుక కళ్లు మూసుకున్నానంటూ నిజంగానే కళ్లు మూసుకుని పోయేది.

చూస్తూ కూర్చుంటే పొద్దు తెలిసేది కాదు. చేపల్లో పెద్దది పెత్తనం చేస్తుంది, చిన్నది దాని ముందు ఒళ్లు వణికిస్తూ ఒదిగి ఉంటుంది. రొయ్య ముక్క పెద్దదైతే పెద్ద చేప తాను తినదు. నోట కరుచుకుని పోయి పువ్వు వేళ్ల నడుమ పెడుతుంది. పువ్వు మెల్లగా వేళ్లు ముడిచి నోట్లోకి తీసుకుంటుంది. అది నేను మొదటిసారి చూసినప్పుడు శాంతను పిలిచి చూపించాను. "చేప బువ్వ పెడుతున్నది" అంది శాంత. అని, తన చేతిలోని రొట్టె ముక్కతో సహా మోచెయ్యి దాకా చేతిని నీళ్లలో ముంచింది.

చెయ్యి లాగి సున్నిపిండితో రుద్ది రుద్ది కడిగాను. అది నొప్పికి ఏడ్చింది.

ఆ నీళ్లలో చంద్రం నోరు పెట్టిన గొట్టం ఎన్నిసార్లు మునిగిందో. అతను ఆ తొట్టి మీద వంగి ఎన్నిసార్లు దగ్గాడో. యాలాల్‌లో మా పుట్టింట్లో అక్కకు పదహారేళ్లప్పుడు ఇదే రోగం వస్తే ఆమె కంచం, గిలాస, చాప అన్నీ కాల్చాం, ఆమెను కాల్చిన తర్వాత. ఇక్కడ తొట్టిని కాల్చలేను కదా. ఆ ఆదివారం గొట్టాన్ని రెండుసార్లు మరగబెట్టాను. నోట్లో పెట్టుకున్నాను. నీళ్లు పడగానే ఉమ్మేశాను, తర్వాత కూడా ఉమ్ముతూనే ఉన్నాను, గొంతు మంట పుట్టేదాకా.

అప్పుడు నాకు రాగి గుర్తొచ్చింది. మా పుట్టింట్లో తాగే నీళ్లు రాత్రంతా రాగి బిందెలో నిలవ ఉండాల్సిందే. రాగిలో నిద్ర చేసిన నీళ్లకు ఏ రోగమూ అంటదని మా అమ్మ అనేది. పసిపిల్లలకూ బాలింతలకూ అవే పట్టేది. నేను రాగి బిందెను చింతపండుతో తళతళా తోమి, నీళ్లు నిలవబెట్టి, తొట్టిలో తగ్గిన మేర అవే పోయడం మొదలుపెట్టాను. ఎండలు ముదిరాయి, తొట్టి మీద తడిగోనెలు కప్పినా రోజుకు రెండు మూడు చెంబులు ఆవిరైపోయేవి. అన్ని చెంబులూ రాగి నీళ్లే.

ఉగాది తెల్లవారి శాంతకు జలుబు చేసింది. మామిడికాయ తిన్న జలుబే. కానీ మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. నేను దేవుడి గూట్లోంచి అత్త అభిషేకానికి వాడే రాగి చెంబు తెచ్చి, ఆమెకు చెప్పకుండా తొట్టిలో ఒక మూలకు, రాయి వెనక, పడుకోబెట్టి ముంచాను. ఇంకో చెంబు ఉంది కనుక ఆమె వెంటనే వెతకలేదు. తర్వాత చూసి, నీళ్లు శుద్ధి కావాలని నేనంటే, దేవుడి చెంబు కదా మంచిదే చేస్తుందిలే అంది. మూడు రోజులకు శాంత దగ్గు తగ్గింది. నాకు చెంబు మీద నమ్మకం కుదిరింది.

*

వారానికొక కార్డు చంద్రం నుంచి వచ్చేది, వారానికొకటి నేను రాసేదాన్ని. రోజూ సూది గుచ్చుతున్నారని, పొద్దున గ్లాసెడు పాలు, గుడ్డు ఇస్తున్నారని, గుడ్డు సంగతి అమ్మకు చదివి వినిపించొద్దని రాసేవాడు. జ్వరం పోయింది. బరువు పెరుగుతోంది. ప్రతి కార్డులో చివర ఒకటే ప్రశ్న: పువ్వు ఎట్లా ఉంది?

పువ్వు బాగాలేదు. వైశాఖం వచ్చేసరికి వేళ్లు పొట్టివయ్యాయి. పట్టపగలు కూడా ముడుచుకునేది. బెల్లం రంగు వెలిసి, ఉతికి ఉతికి చీకిన చీరలా తెల్లబడింది. నడుమ నోరు తెరిచి వేలాడేసింది. నేను ఎండ చాలడం లేదనుకుని తలుపు తెరిచిపెట్టాను, ఎండ ఎక్కువైందనుకుని పరదా కట్టాను. నీళ్లు చెడ్డాయనుకుని రాగి బిందె నీళ్లు ఇంకొంచెం ఎక్కువ పోశాను. చేపలు మాత్రం చలాకీగానే ఉన్నాయి. అవి చలాకీగా ఉండబట్టి పువ్వు కూడా కోలుకుంటుందనుకున్నాను. కార్డులో మంచిగున్నదని రాశాను. మొదటిసారి రాసినప్పుడు ఒక కార్డు చింపి మళ్లీ రాశాను. తర్వాత అలవాటైంది.

జ్యేష్ఠంలో దవాఖాన నుంచి డాక్టరు మా ఆయనకు కబురు పంపాడు. వానలు పడగానే ఇంటికి పంపిస్తాం, మందులు ఇంట్లో వాడుకోవచ్చు, వేరే గది ఉంటే చాలు, ఒకసారి ఇంట్లో ఉన్న పసిపిల్లను కూడా తెచ్చి చూపించుకోండి అన్నాడు. అత్త ఆనందానికి హద్దు లేదు. ఆ సాయంత్రమే ముందరి గదికి సున్నం వేసే మనిషికి కబురు చేసింది.

మా ఆయన అన్నం దగ్గర కూర్చుని నాతో మెల్లగా అన్నాడు. ఆయన ఎప్పుడూ నన్ను ఏదీ అడిగిన మనిషి కాదు.

"ఇగో ఇను. అమ్మను అడగ, నిన్నే అడుగుతున్న. పసిబిడ్డ తల్లివి నువ్వు. నువ్వు సరేనంటెనే వాణ్ణి తోలుకొస్త. వద్దంటె ఏదన్న చూస్త."

"ఏం చూస్తరు?"

"బషీరాబాద్ల మన గోదాం మీద గది ఉన్నది. లేకుంటె వికారాబాద్లనె కిరాయికి..." ఆయన ముద్ద అక్కడే పెట్టి నావైపు చూశాడు. "వానికి మనం తప్ప ఎవలున్నరు, చెప్పు."

సరే అనాలని నోరు తెరిచాను. శాంత పక్క గదిలో చంద్రం దిండును బొమ్మలా ఎత్తుకుని జోకొడుతోంది, ముఖం దానిలో ఆనించి.

"ఆ పువ్వు జర కోలుకోనియ్యండ్రి. గది నిండ నీళ్ల పనే ఉన్నది. కోలుకున్నంక చెప్త" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని దుకాణానికి పోయాడు.

పది రోజులకు పువ్వు రాతిని వదిలేసింది. పాదం ఊడి, గాలి బుడగలు ఎటు నెడితే అటు దొర్లుతోంది. పెద్ద చేప రొయ్య ముక్క కరుచుకుని పోయి దాని వేళ్ల మీద పెట్టింది. వేళ్లు పట్టుకోలేదు, ముక్క జారి అడుగున పడింది. చేప దిగిపోయి మళ్లీ తెచ్చి పెట్టింది. మళ్లీ జారింది. ఎన్నిసార్లు పెట్టిందో నేను లెక్కపెట్టలేదు. కూర్చుని చూశాను. మర్నాటికి దానికీ విసుగు పుట్టిందేమో, తేవడం మానేసింది.

అది చస్తే ఆ పూటే తీసేయాలని, లేకుంటే తొట్టి మొత్తం విషమవుతుందని నోటుబుక్కులో ఉంది. నేను చెయ్యి పెట్టి తీశాను. గంజి మీద కట్టిన పొరలా చేతిలో చీలికలైపోయింది. వాసన గది నిండింది. అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, ఏమీ ఎకసెక్కం ఆడకుండా నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. వాడికి ఎట్లా చెప్తావే అని అడిగింది. చెప్పనన్నాను. పెరట్లో మునగచెట్టు అవతల గుంట తీసి పూడ్చాను.

ఆ సాయంత్రం చూస్తే చేపలు రెండూ రాగి చెంబులో దూరి ఉన్నాయి. చెంబు పచ్చగా చిలుము పట్టి ఉంది. పువ్వులో దొర్లినట్టే దాని మూతికి ఒళ్లు రాసుకుంటున్నాయి. శాంత అద్దానికి ముక్కు ఆనించి, చేపలకు కొత్త ఇల్లు దొరికిందని సంబరపడింది.

*

ఆషాఢంలో మొదటి వానలు పడ్డాక మేము ముగ్గురం వికారాబాద్ బండి ఎక్కాం. అంతకు ముందు రోజు కూడా మా ఆయన అడిగాడు. దవాఖానలో బిడ్డను చూడనివ్వండి, తర్వాత చెప్తానన్నాను.

గుట్ట మీద చెట్ల కింద రాతి బెంచీ ఉంది. పసిపిల్లలను రోగుల గదుల్లోకి రానివ్వరు కనుక చంద్రమే బయటికి వచ్చాడు. నేను గుర్తుపట్టలేదు. చెంపలు నిండాయి, ముఖం మీద నెత్తురు కనిపిస్తోంది. శాంతకు అప్పటికే ఎక్స్‌రే ఫొటో తీశారు, దాని ఫలితం వారం తర్వాత రాస్తామన్నారు. మా ఆయన డాక్టరుతో మాట్లాడటానికి పోయాడు. చంద్రం బెంచీకి ఒక కొసన కూర్చున్నాడు. నేను రెండో కొసన, శాంతను నాకు అవతలి పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

అమ్మ గురించి అడిగాడు. ఇంటికి సున్నం వేశారట కదా అని నవ్వాడు. తర్వాత, "పువ్వు?" అన్నాడు.

"మంచిగున్నది."

"ఎంత విప్పుతున్నది?"

"పళ్లెమంత."

అతను సంతోషంతో తొడ మీద చరుచుకున్నాడు. ఊరికే ఉండలేక, నా పక్కనుంచి తొంగిచూస్తున్న శాంతతో మాట కలిపాడు.

"ఏమే, మన చేపలు ఏడ పంటున్నయే?"

"చెంబుల" అంది శాంత.

"ఏ చెంబుల?"

"అవ్వ దేవుని చెంబుల. పచ్చగైంది చిన్నాయిన. మస్తు పచ్చగ."

చంద్రం నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది. కొంచెంసేపటికి అది మెల్లగా దిగింది. నావైపు తిరిగాడు.

"రాగిదా వదినా?"

తల ఊపాను.

"ఎప్పుడు పెట్టినవ్?"

"ఉగాది అయినంక. అంతకు ముందుకెల్లి బిందె నీళ్లు."

"చేపలకు ఏం గాదు. పువ్వుకు రాగి పడదు. ముసలాయన ఇత్తడి నల్లా నీళ్లు గూడ తాకనియ్యకుండె." అతని గొంతులో కోపం లేదు. ఆశ్చర్యమే ఉంది. "నేను బుక్కుల రాయలే. సముద్రంల చెంబు ముంచుతరని నాకేం తెలుసు." చెట్లకేసి తిరిగి, "ఎన్నడు పోయింది?" అన్నాడు.

"ఇరవై రోజులైతున్నది."

"రాగి ఎందుకు పెట్టినవ్ వదినా?"

అప్పుడే శాంత ఎండుటాకు కోసం అతని వైపు వంగింది. నేను చూసుకోలేదు, నా చెయ్యి దాన్ని వెనక్కి లాగి, కొంగుతో దాని ముక్కూ నోరూ మూసి పట్టుకుని ఉంది. చంద్రం ఆ చెయ్యిని చూశాడు.

లేచి, బెంచీ చుట్టూ తిరిగి, మాకు ఆరేడు అడుగుల దూరంలో ఒక రాయి మీద కూర్చున్నాడు.

"గాలి మీ దిక్కు కెల్లి కొడుతున్నది" అన్నాడు, వాన గురించి చెప్పినట్టు.

అప్పుడు మా ఆయన వచ్చాడు. వచ్చే నెల మొదటివారంలో తీసుకుపొమ్మన్నారని సంబరంగా చెప్పి, నావైపు చూశాడు. రెండుసార్లు అడిగిన ప్రశ్నే ఆ చూపులో ఉంది. సరే అంటే చాలు, రెండక్షరాల మాట. నేను శాంత గౌను గుండీ పెట్టాను. పెట్టిన గుండీనే తీసి మళ్లీ పెట్టాను.

"అన్నా, నేను ఇప్పుడే రాను" అన్నాడు చంద్రం. "ఈడ కంపౌండరు పని నేర్పుతమంటున్నరు. నేర్చుకుంట."

"అమ్మ సున్నమేయించింది గదరా."

"ఏయించనియ్యి. శాంత ఆడుకుంటది."

మా ఆయన నా ముఖం చూశాడు, తమ్ముడి ముఖం చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో ఈ రోజుకీ నాకు తెలియదు. తిరుగు బండి దొరకదని తొందరపెట్టాడు. చంద్రం జట్కా దాకా వచ్చాడు, అంతే దూరంలో నడుస్తూ. నా మీద మాట పడకుండా తనే రానని చెప్పాడని నాకు తెలుసు. జట్కా దిగి రమ్మని ఒక్క మాట అంటే సరిపోయేది. బండి గుట్ట మలుపు తిరిగేదాకా నా నోరు లేవలేదు.

వారానికి కార్డు వచ్చింది. శాంత ఊపిరితిత్తుల్లో ఏ దోషమూ లేదు. నేను ఆ కార్డు చదివి, పశువుల కొట్టం వెనక్కి పోయి కూర్చున్నాను. ఎప్పుడో రొయ్యలు తరిగిన బండ మీదే. సంతోషం రావాలి. వచ్చింది కూడా. దానితోపాటు వచ్చినదానికి నాకు పేరు తెలియదు.

*

చేపలు శ్రావణం చూడలేదు. పెద్దది పోయిన నాలుగో రోజు చిన్నది పోయింది. తొట్టిలో ఇప్పుడు పశువులకు కందిపొట్టు నిలవ చేస్తున్నాం.

చంద్రం ఎందుకు రాలేదో అత్తకు ఎవరూ చెప్పలేదు. తాను ఆ చేపలను ఎగతాళి చేసినందుకే కొడుకు అలిగి రాలేదని ఆమె నమ్మింది. దొంగభక్తులన్నానే, నీసు నీసని నసిగానే అని వచ్చినవాళ్లందరితో చెప్పుకుంది. నేను ఆమె కాళ్లు ఒత్తుతూ అన్నీ విన్నాను. ఒకటికి పదిసార్లు చెప్పబోయాను. రెండేళ్ల కింద ఆమె పోయింది, ఆ మాట మోసుకునే పోయింది. చంద్రం వచ్చాడు. చితి దగ్గర అందరికీ దూరంగా నిలబడి, ఇంటి గడప తొక్కకుండా సాయంత్రం బండికే వెళ్లిపోయాడు. శాంతను దూరం నుంచి చూశాడు. అది చిన్నాయినను గుర్తుపట్టలేదు.

మా ఆయన ఆ తర్వాత వికారాబాద్‌లో అతను అద్దెకుంటున్న గదికి నాలుగుసార్లు పోయాడు. ప్రతిసారీ చంద్రం వాకిట్లోనే మాట్లాడి పంపించాడు. వదినను, పిల్లను తీసుకురావద్దన్నాడు. కోపంతో అన్న మాట కాదని మా ఆయన ఒట్టేశాడు. పోయిన మాఘం నుంచి కార్డుకు జవాబు లేదు. కంపౌండరు పని మానేశాడని ఒకరన్నారు. మళ్లీ దగ్గుతున్నాడని, రోజంతా తలుపు వేసుకుని ఉంటున్నాడని బషీరాబాద్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన అన్నాడు. మా ఆయన నెల కింద పోతే తలుపు తెరవలేదు. లోపల దగ్గు వినిపించిందట.

నేనొక రోజు ఎవరికీ చెప్పకుండా స్టేషను దాకా పోయాను. బండి వచ్చింది, ఆగింది, పోయింది. నా భయం పోలేదు, అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఉంది. అయినా అతను రావాలి. ముందరి గది ఖాళీగా ఉంది. శాంతను నేను ఎట్లాగో కాచుకుంటాను.

మీలో ఎవరైనా వికారాబాద్‌లో బండి దిగేవాళ్లుంటే, స్టేషను దాటి అనంతగిరి పోయే తోవలో ఎడమ పక్కన బండల కప్పు వేసిన గదుల వరస ఉంటుంది. చివరి గది. పేరు చంద్రశేఖర్, పాతికేళ్లుంటాయి, మెతకగా మాట్లాడతాడు. తలుపు కొట్టండి. తీయకపోతే ఇంకోసారి కొట్టండి. అన్నం వండుకుంటున్నాడా, లేచి తిరుగుతున్నాడా, మందులు వేసుకుంటున్నాడా చూడండి. మంచం పట్టి ఉంటే గుట్ట మీది డాక్టరుకు కబురు చేయండి. ఎవరు పంపారని అడిగితే తాండూరు నుంచి వదిన పంపిందని, ఇంటికి రమ్మన్నదని చెప్పండి. అతను ఏమన్నా పరవాలేదు. మనిషి ఎట్లా ఉన్నాడో మాత్రం ఒకసారి చూడండి.